మూడో టిన్ను

"ఏమే, ఆ మూడో టిన్ను కారు దగ్గర పెట్టు. ఎండెక్కితే మచ్చలు పడతయ్."

ఆదివారం పొద్దున మా ఇంట్లో నాకు వినపడే మొదటి మాట ఇది. నిద్ర పట్టిందా, నడుం నొప్పి తగ్గిందా, అదేం లేదు. టిన్ను. జుబేరన్న ఆటోలో వచ్చి మా గేటు ముందు మూడు మంచినీళ్ళ టిన్నులు దింపిపోతాడు, ఒక్కోటి ఇరవై లీటర్లు. ఒకటి తాగటానికి, ఒకటి వంటకి, మూడోది కారుకి. మొదటి రెండిట్నీ వంటింట్లోకి మోసేది నేనే. మూడోదాన్ని కారు దాకా మోసేదీ నేనే. అక్కణ్ణుంచి మాత్రం ఆయనగారి పని. మెత్తటి పసుపుపచ్చ గుడ్డ, ప్రత్యేకంగా తెప్పించుకున్న కారు షాంపూ, ఓ చిన్న మగ్గు. పై నుంచి కిందికి, నీడపట్టున, తొందరపడకుండా కడగాలంట. తుడిచేటప్పుడు గుడ్డ ఒకే వైపుకి పోవాలంట, అటూ ఇటూ రుద్దితే గీతలు పడతాయంట. పెళ్ళయి పదహారేళ్ళయింది. ఆయన చేతుల్లో అంత ఓపిక ఉందని ఆ కారు వచ్చాకే తెలిసింది నాకు.

దాచేపల్లి నీళ్ళ గురించి తెలియని వాళ్ళకి ఓ ముక్క చెప్పాలి. మా కాళ్ళ కింద ఉన్నదంతా సున్నపురాయే. అందుకే చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, అందుకే ఊళ్ళో సగం మందికి అన్నం. మా ఆయన బ్రహ్మం కూడా ఒక ఫ్యాక్టరీలో లారీల లోడింగు చూస్తాడు. అన్నం పెట్టే ఆ రాయే నీళ్ళలోకీ దిగింది. బోరు నీళ్ళు బకెట్లో పట్టి వదిలేస్తే తెల్లారేసరికి పైన తెట్టు కడుతుంది. హీటరు కడ్డీ మీద పెంకులు లేస్తాయి. సబ్బు రుద్దీ రుద్దీ చెయ్యి నొప్పి పుట్టాలే గానీ నురగ రాదు. కందిపప్పు ఆ నీళ్ళలో వేస్తే కుక్కరు ఎన్ని విజిల్స్ వేసినా పలుకు పలుకులాగే ఉంటుంది. అందుకే వంటకి టిన్ను. పోయినేడాది ఆయన సెకండ్ హ్యాండులో నల్ల కారు కొన్నాడు. బోరు నీళ్ళతో కడిగితే ఆరాక ఒళ్ళంతా తెల్ల చుక్కలు. మెకానిక్కు చూసి, "అన్నా, ఈ నీళ్ళు పోస్తే పెయింటు పోద్ది, మంచినీళ్ళు పొయ్యి" అన్నాడంట. ఆ వారం నుంచే మూడో టిన్ను మొదలైంది. మా అత్తమ్మ రత్నకుమారి కూడా అడ్డు చెప్పలేదు. "వస్తువన్నాక కాపాడుకోవద్దా" అంది.

నా తల మీద పదహారేళ్ళుగా పడుతున్నది బోరు నీళ్ళే.

ఇందులో విడ్డూరం ఏందంటే, నేను చేసేది జుట్టు పని. మా ముందు గదికి రోడ్డు వైపు తలుపు పెట్టించి లేడీస్ పార్లర్ నడుపుతున్నా, తొమ్మిదేళ్ళయింది. ఐబ్రోస్, ఫేషియల్, హెన్నా, హెయిర్ కట్, పెళ్ళికూతుళ్ళ పూలజడలు. అది కాక మా పొదుపు సంఘాల వాట్సాప్ గ్రూపులో ఆదివారం ఆదివారం 'జుట్టు చిట్కా' అని నా వాయిస్ మెసేజ్ ఒకటి. రెండొందల మంది ఆడవాళ్ళు వింటారు. తడి జుట్టు దువ్వకండి చెల్లెమ్మా, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెన తీసుకుని కొసల దగ్గర చిక్కు తీసి పైకి రండి. ఆరకుండా ముడి పెడితే కుదుళ్ళు నానిపోతయ్, చుండ్రు పట్టుద్ది. నుదురు దగ్గర లాగి లాగి జడేస్తే అక్కడే పలచబడుద్ది. రాత్రి మెంతులు నానేసి పొద్దున మెత్తగా రుబ్బి పట్టించండి. చెప్పేవన్నీ నిజాలే. వాటిలో ఒక్కటి కూడా నేను చెయ్యను. మెంతులు నానబెట్టటం వరకూ వస్తాను. పొద్దున లేచేసరికి అత్తమ్మ వాటిని దోసెల పిండిలో కలిపేసి ఉంటుంది.

నా తలంటు ఎట్టా ఉంటుందో చెప్పనా? ఇంట్లో అందరి స్నానాలూ అయ్యాక, హీటరులో మిగిలిన గోరువెచ్చటి నీళ్ళతో, బయట నుంచి ఎవరో ఒకరు తలుపు కొడుతుండగా. "ఏమే, ఎంతసేపు? గ్యాసు మీద ఏదో మాడుతంది." తువ్వాలుతో తల బిగించి ముడేసుకుని పొయ్యి దగ్గరికి పరిగెత్తటం. వంటా, వడ్డనా, అంట్లూ అయ్యి, పార్లరు తలుపు తీసి, సాయంత్రం ఎప్పుడో ఆ ముడి విప్పితే లోపల ఇంకా తడే. ఒక రకం ముక్కిపోయిన వాసన. అట్టాంటి తలతో కూర్చుని ఎదుటి మనిషి జుట్టు వేళ్ళతో విడదీసి చూస్తూ, "మీరు అసలు పట్టించుకోవట్లేదండీ" అనేదాన్ని. తొమ్మిదేళ్ళు అన్నాను ఆ మాట. ఎంతమందిని అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

నాకు పెళ్ళిచూపుల నాటికి నడుం దిగిన జడ. అత్తమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, నా వెనక్కి వచ్చి, జడ పట్టుకుని రెండుసార్లు గుంజింది. సవరమేమోనని. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినయ్. ఆమె మాత్రం, "సొంత జుట్టే వదినా" అని మా అమ్మతో నవ్వుతా చెప్పింది. ఆ జడ ఇప్పుడు నా బొటనవేలంత లావు. దాని మీద ఇంట్లో అందరికీ హక్కే. "పార్లరు పెట్టుకున్నదాని జుట్టు ఇట్టా ఉంటే ఎవరొస్తారే?" అంటుంది అత్తమ్మ. "ఏం తింటన్నావు, ఏం పెడుతున్నావు, ఆ రంగుల సీసాలే తినేస్తన్నయ్" అంటుంది. మా ఆయనది ఇంకో పద్ధతి. పప్పులో వెంట్రుక వస్తే తీసి పక్కన పడెయ్యడు. రెండు వేళ్ళతో పట్టుకుని ట్యూబులైటు వైపు ఎత్తి పట్టి చూపిస్తాడు. ఒకసారి ఆయన ఫ్యాక్టరీ స్నేహితులు భోజనానికొచ్చినప్పుడూ అదే చేశాడు. "మా బ్యూటీషియన్‌గారి జుట్టురా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదేం పాడు అలవాటో నాకు. ఆ రోజు నుంచి వంట చేసేటప్పుడు తలకి పాత చున్నీ కట్టుకుంటున్నా. చున్నీ కింద ఇంకా ఊడతది. ఊడిన వెంట్రుకలన్నీ నేనే ఊడవాలి, బాత్‌రూం జాలీలో నుంచి నేనే తియ్యాలి.

నేను మార్చని వస్తువు లేదు. నూనెలు మార్చాను. షాంపూలు మార్చాను. నరసరావుపేట పోయి డాక్టరుకి చూపించుకుంటే రక్తం తక్కువుందని మాత్రలు రాసింది, వేసుకున్నా. ఒంట్లో ఓపిక వచ్చింది గానీ జుట్టు గడ్డిలాగే ఉంది. కుంకుడుకాయలు కొట్టి పులుసు తీస్తే నురగే లేదు. అత్తమ్మ ఆ కొట్టువాడిని వారం రోజులు తిట్టింది, పాత కాయలు అంటగట్టాడని. ఇంకో కొట్టులో తెచ్చాను. అవీ అంతే. కాయల్ని తిట్టుకున్నాం, కొట్టువాణ్ణి తిట్టుకున్నాం, నన్ను తిట్టుకున్నాం. ఆ పప్పు ఏ నీళ్ళలో ఉడకదో ఆ నీళ్ళలోనే నా తల ముంచుతున్నానని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. కారు మచ్చల సంగతి ఒక్క వారంలో తేలింది.

పోయిన నెల తెనాలిలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళికి పోయాం. రెండు రోజులు. అక్కడ వాళ్ళ కుళాయిలో తియ్యటి నీళ్ళు. వాళ్ళింట్లో ఉన్న ఏదో మామూలు షాంపూ ప్యాకెట్టుతోనే తలంటుకున్నా. చెయ్యి పెట్టగానే నురగ పొంగి మోచేతుల దాకా జారింది. నేను నిజంగా భయపడ్డా, ప్యాకెట్టు మొత్తం ఒకేసారి పోసేశానేమోనని. ఆరాక వేళ్ళు పెడితే జుట్టులో నుంచి జర్రున జారినయ్. పెళ్ళిపందిట్లో మా ఆయన నన్ను వెతుక్కుంటా వచ్చి, ఆగి, "ఏం పెట్టావే తలకి? భలే ఉందే" అన్నాడు. ఎన్నేళ్ళకి అన్నాడు ఆ మాట! "ఏం లేదు, నీళ్ళు" అన్నా. "నీళ్ళేందే, నీళ్ళు" అని నవ్వి భోజనాలకి పోయాడు. ఆయనకి నవ్వొచ్చింది, నాకు మాత్రం పెళ్ళి భోజనం సహించలేదు. ఇన్నేళ్ళూ నాదేదో తప్పు అనుకుంటున్నా గదా.

ఇంటికొచ్చాక ఆదివారాల లెక్క చెప్పాను ఆయనకి. వారానికొక్క టిన్ను, నా తలకీ వందన తలకీ. వందన మా అమ్మాయి, తొమ్మిదో తరగతి. బడికి రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టాలి, రోజూ దువ్వెనకి ఉండ చుట్టినంత జుట్టు వస్తోంది దానిక్కూడా. ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే, "ఊళ్ళో ఆడోళ్ళందరూ ఈ నీళ్ళే పోసుకోవట్లేదా? నీ జుట్టు స్పెషలా?" అన్నాడు. అత్తమ్మ అయితే ముక్కు మీద వేలేసుకుంది. "తాగే నీళ్ళు తలకా? లక్ష్మి నిలవదే ఇంట్లో." కారుకి పోస్తే లక్ష్మి ఎట్టా నిలుస్తోందో అడగాలనిపించింది. పోట్లాడే ఓపిక కూడా ఇంటి పనిలో నుంచే మిగుల్చుకోవాలి.

ఇక అడగటం మానేసి, పోయిన ఆదివారం జుబేరన్నకి నేనే ఫోన్ చేశా, "అన్నా, ఈసారి నాలుగు దింపు" అని. జుబేరన్న దింపిపోయాడు. అప్పటికి పొయ్యి మీద ఇడ్లీలున్నయ్. రెండు టిన్నులు లోపల పెట్టి, మూడోది కారు దగ్గర పెట్టి, నాలుగోది మెట్టు పక్కన ఉంచి వచ్చా. ఇడ్లీలు దింపి, షాంపూ చేతిలో పట్టుకుని, వందనని పిలుచుకుని బయటికొస్తే టిన్ను బోర్లా పడి ఉంది. కారులో కాళ్ళ కింద వేసే రబ్బరు మ్యాట్లు నాలుగూ గోడకి ఆనించి ఉన్నయ్, తళతళా మెరుస్తా. మా ఆయన చేతులు తుడుచుకుంటా, "ఒకటి ఎక్కువ తెప్పించావుగా, మంచి పని చేశావ్. టైర్లు కూడా కడిగేశా" అన్నాడు. మెచ్చుకోలుగా అన్నాడు! నేను షాంపూ సీసా పట్టుకుని అట్టాగే నిలబడ్డా. అరిచి ఉంటే బాగుండేది. వందనే అంది మెల్లగా, "అమ్మా, మనం కూడా నాలుగు టైర్లు పెట్టించుకుంటే పోలా?"

వాళ్ళ నాన్నకి వినపడలేదు. నవ్వు రాబోయి ఏడుపొచ్చింది నాకు. పద్నాలుగేళ్ళ పిల్లకి ఇంట్లో తన స్థానం టైరు కంటే కింద అని తెలిసిపోయింది. అది జోకుగా చెప్పటం కూడా నేర్చుకుంది, ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు. వెంట్రుక ఎత్తి చూపిస్తుంటే నవ్వినదాన్ని నేనే గదా.

మంగళవారం పున్నమ్మ పిన్ని పార్లరుకొచ్చింది. పిన్ని అంటే వరసకే, మా వీధి చివర ఉంటుంది, రాళ్ళ క్వారీలో తట్ట మోస్తుంది. ఎప్పుడూ నా మెట్టు ఎక్కని మనిషి. మనవరాలి ఓణీల ఫంక్షనుందంట, ఫోటోల్లో తల మీద కొంగు లేకుండా నిలబడాలని కోరిక. కొంగు తీసి చూపించింది. నడినెత్తిన, తట్ట కింద చుట్టకుదురు ఆనే చోట, అరచేయంత మేర పలచబడిపోయి చర్మం కనపడుతోంది. నేను నా పాఠం అందుకున్నా. వారానికి రెండుసార్లు గోరువెచ్చటి నూనెతో ఇరవై నిమిషాలు మర్దనా చెయ్యి పిన్నీ. మందారాకు, మెంతులు రుబ్బి పెట్టు. నీడలో ఆరబెట్టు, గాలికి వదిలెయ్యి. ఆకుకూరలు, గుడ్డు తిను. ఎనిమిది గంటలు నిద్రపో. ఆమె బుద్ధిగా అంతా విన్నది. ఆఖర్న కొంగు మళ్ళీ తల మీదికి లాక్కుంటా, "నువ్వు చెప్పేయన్నీ బాగున్నయ్ స్వాతమ్మా. గానీ ఇయన్నీ చెయ్యాలంటే మా ఇంట్లో ఇంకో ఆడమనిషుండాల" అంది.

నవ్వుతానే అంది, ఎత్తిపొడుపేం లేదు. తర్వాత నా నుదుటి మీద, పాపిట వెడల్పయిన చోట చూసి, "నీకున్నదా ఇంకో మనిషి?" అని అడిగింది. లేదన్నాను. "మరి?" అంది. నడినెత్తిన పలచబడ్డ చోటుని చుట్టూ ఉన్న జుట్టుతో కప్పి, వదులుగా పక్క పాపిట తీసి, ముడి ఎట్టా వేసుకోవాలో నేర్పించి పంపాను. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని చానా సంతోషపడింది. ఆమె పోయాక కుర్చీ కింద ఊడ్చి, ఆ కుర్చీలోనే కూర్చున్నా. రెండొందల మంది ఆడవాళ్ళకి వారం వారం ఇంకో పని చెప్తున్నా నేను. చేసే పనుల మీద ఇంకో పని. చెయ్యలేకపోతే తప్పు మీదే అని కూడా చెప్తున్నా.

ఇదిగో, ఈ ఆదివారం. మూడో టిన్ను కారు దగ్గర పెట్టమని ఆయన బాత్‌రూంలోకి పోతా పోతా అన్న మాట చెవిలో ఉండగానే గేటు దగ్గరికి వెళ్ళాను. మొదటి టిన్ను వంటింట్లో పెట్టా. రెండోది పెట్టా. మూడోదాన్ని చంకనేసుకుని కారు వైపు నాలుగడుగులు వేసి, ఆగి, తిరిగి, పార్లరులోకి తీసుకుపోయాను. అంతే. ఆలోచించి చేసిందేం కాదు. కాళ్ళు ఆ వైపుకి తిరిగినయ్, నేను ఆపలేదు. "వందనా, షాంపూ తీసుకుని రావే" అని పిలిచి రోడ్డు వైపు తలుపు గడియ పెట్టాను.

ముందు దానికి పోశాను. నురగ చూసి కిలకిలా నవ్వింది. తర్వాత అది లేచి, తలకి తువ్వాలు చుట్టుకుని, "నువ్వు కూర్చో, నేను పోస్తా" అంది. చిన్న పీట మీద కూర్చుని తల వంచాను. మగ్గుతో మెల్లగా, చెవుల్లోకి పోకుండా చెయ్యి అడ్డం పెట్టి పోసింది. నా తల మీద ఇంకొకరు నీళ్ళు పోసి ఎన్నేళ్ళయింది? వందన పుట్టినప్పుడు బాలింత స్నానానికి మా అమ్మ పోసింది. అంతే. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. నీళ్ళలో ఎవరికి తెలుస్తుంది? "అమ్మా, రుద్దేది గట్టిగానా?" "వేళ్ళ కొసలతో తల్లీ, గోళ్ళతో కాదు." అది కూడా నా చిట్కానే.

లోపలి తలుపు దబదబా చప్పుడు. అత్తమ్మ. "ఏమే, టిన్నేదంటా వాడు ఇల్లు పీకి పందిరేస్తన్నాడు!" తోసుకుని వచ్చి నన్ను చూసి ఆగిపోయింది. తిట్లు నోటిదాకా వచ్చినట్టే ఉన్నయ్. దగ్గరికొచ్చి, నా తల మీద నుంచి నురగ కాస్త అరచేతిలోకి తీసుకుని చూసింది. "ఎంత నురగే" అంది. ఆమెది రేపల్లె పక్కన కాలవ ఊరు. "మా ఊళ్ళో కాలవ దగ్గర ఇట్టాగే వచ్చేది. నాకు ఈడ దాకా ఉండేది" అని మోకాలు చూపించింది. ఇప్పుడామె తలకి ఉన్నది సగం సవరం. నలభై నాలుగేళ్ళ కింద ఈ ఊరొచ్చినామె ఆ జుట్టు ఎట్టా పోయిందో ఎవరినీ అడిగి ఉండదు, దాన్నీ తన తప్పే అనుకుని ఉంటుంది. "మిగిలినయ్యా?" అంది టిన్ను వైపు చూస్తా. "లేవత్తమ్మా." "ఊఁ" అని, చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని, గుర్తొచ్చినట్టు, "సిగ్గులేకపోతే సరి" అని తిట్టి వెళ్ళిపోయింది. ఆ తిట్టు ఎవరికో నాకు తెలియలేదు.

బయట ఆయన అరుపులు. "దాని తలకైతే టిన్ను కావాలి, నా కారుకి అక్కర్లేదా?" విసవిసా వంటింట్లోకి పోయి వంట టిన్ను ఎత్తుకుపోయాడు. కిటికీలో నుంచి చూస్తూనే ఉన్నా. నేను చూస్తున్నానని ఇంకా కసిగా పోశాడు. అత్తమ్మ "ఒరేయ్, అది వంటదిరా" అంటూనే ఉంది. ఎదురింటి వాళ్ళు గేటు దగ్గరికొచ్చి చూశారు. ఇరవై లీటర్లూ అయ్యేదాకా పోశాడు, మచ్చ లేకుండా తుడిచాడు, గుడ్డ ఒకే వైపుకి. తాగే టిన్ను ఒక్కటే మిగిలింది ఇంట్లో. దాంతోనే బుధవారం దాకా నలుగురం గడపాలి, వారం మధ్యలో అప్పుడే జుబేరన్న మళ్ళీ వచ్చేది.

నేను పార్లరు తలుపు తీసి, రోడ్డు వైపు మెట్టు మీద, నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నా. జుట్టు మొత్తం వీపు మీదికి వదిలేశా. వందన పక్కనే కింద కూర్చుంది. పెళ్ళయినదగ్గర్నుంచి పగటిపూట ఖాళీగా కూర్చోవటం ఇదే మొదలు. చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నా. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారు. ఇల్లాలు జుట్టు విరబోసుకుని వీధిలో కూర్చోకూడదని మా అత్తమ్మ పదహారేళ్ళుగా చెప్పిన మాట గుర్తొచ్చింది. కానీ విప్పకపోతే ఆరదు. ఈ రెండు ముక్కలూ నాకు ఎప్పట్నుంచో తెలుసు, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది మాత్రం ఈ రోజే.

ఒంటిగంటయింది. లోపల కుక్కరు విజిల్ వేస్తోంది. నేను లేవకపోయేసరికి అత్తమ్మే పప్పు పెట్టినట్టుంది. లెక్కపెట్టాను, తొమ్మిది విజిల్స్. మూత తీసిన చప్పుడు. కాసేపటికి ఆయన గొంతు. "ఏందమ్మా ఇది, గులకరాళ్ళలాగా? మంచినీళ్ళు పొయ్యలా?"

"ఏడున్నయ్‌రా మంచినీళ్ళు? నీ కారు తాగింది. పో, దాన్నే వండి పెట్టమను."

అత్తమ్మ ఆ మాట అంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. నా మీద ప్రేమతో అనలేదు లెండి, ఆకలేసి అన్నది, పొయ్యి దగ్గర అంతసేపు నిలబడి నడుం పీక్కుపోయి అన్నది. అయినా అన్నది. వందన నా మోకాలు గిల్లింది.

ఫోను తీశాను. ఆదివారం చిట్కాకి టైమయింది. గ్రూపులో అప్పటికే ఇద్దరు 'అక్కా, ఈ వారం చిట్కా ఏదీ' అని పెట్టారు. గుంటగలగరాకు గురించి చెప్తానని పోయినవారం మాటిచ్చి ఉన్నా. బొటనవేలుతో మైకు గుర్తు మీద నొక్కి పట్టుకుని నోటి దగ్గర పెట్టుకున్నా.

"అక్కలూ, చెల్లెళ్ళూ, నేను పార్లర్ స్వాతిని. ఇన్నాళ్ళూ మీకు నూనెలు చెప్పాను, ఆకులు చెప్పాను, దువ్వెనలు చెప్పాను. మీరు పట్టించుకోవట్లేదని కూడా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మన నీళ్ళలో పప్పే ఉడకదు, జుట్టెట్టా బతుకుద్ది? ఈ వారం గుంటగలగరాకు లేదు. ఈ వారం చెప్పేవి రెండే. మీ ఇంటికొచ్చే మంచినీళ్ళలో వారానికొక్కసారి మీ తలకి ఓ బకెట్టు తీసిపెట్టండి, అడగొద్దు, తీసిపెట్టండి. తలంటుకున్నాక జుట్టు విప్పి కూర్చోండి, పూర్తిగా ఆరేదాకా లేవొద్దు. ఎవరు పిలిచినా సరే."

ఇంకా బొటనవేలు తియ్యలేదు. వెనక నుంచి, వంటింటి గుమ్మంలో నుంచి, రోడ్డు మీదికి కూడా వినపడేంత గట్టిగా మా ఆయన అరిచాడు. "ఏమే! అన్నం పెడతావా లేదా?"

రికార్డవుతూనే ఉంది. జుట్టు కొసలు చేత్తో పట్టుకుని చూశాను.

"ఇంకా ఆరలేదండీ," అన్నాను ఫోన్లోకే, వేలు తీశాను.